దర్బారులో అటెండెన్సు

విజయనగరంలో పాత కట్టడాలు ఏ పనికి కట్టించారో ఆ పని చెయ్యడం తక్కువ. రాజుగారు కొలువు తీరిన చోట ఆడపిల్లలు నోట్సు రాసుకున్నారు. ఊరికి కాస్త దూరంలో కోరుకొండలో రాజుల మేడలో 1962 నుంచి సైనిక్ స్కూలు నడుస్తోంది. సినిమాలు ఆడిన హాల్లో తాళిబొట్లు కడుతున్నారు. బయటివాళ్ళకి వింతగా ఉంటుందేమో గాని, అక్కడ పెరిగిన మాకు ఇదే మామూలు.

అసలు మేం ఆ ఊరు వెళ్ళిందే అలాంటి సందర్భంలో. 1979 జూన్ 1న శ్రీకాకుళం జిల్లాలోంచి కొంత, విశాఖపట్నం జిల్లాలోంచి కొంత తీసి విజయనగరం జిల్లా చేశారు. నాన్న అప్పటికి శ్రీకాకుళంలో గుమస్తా. కొత్త జిల్లాకి బదిలీ అయింది. అమ్మ, అక్క, నేను, ట్రంకు పెట్టెలు, ఒక ఉయ్యాల బల్ల, అందరం ఒకే లారీలో వెళ్ళాం. జిల్లా అయితే ఒక్క ఉత్తర్వుతో పుట్టేసింది గాని ఆఫీసు గదులు అలా పుట్టవు కదా. నాన్న ఆఫీసుని మొదట్లో ఒక పెద్ద ఉమ్మడి కుటుంబం ఖాళీ చేసి వెళ్ళిన ఇంట్లో పెట్టారు. ఆఫీసరు గారు పడకగదిలో, టైపు మిషన్లు నడవలో, రికార్డులు వంటింట్లో. పొయ్యి గట్టు మీద ఫైళ్ళు కట్టలు కట్టి పేర్చి ఉండేవి. వాటి వెనక గోడ పొగచూరి నల్లగా అలాగే ఉండేది. సున్నం వేయించడానికి బడ్జెట్ రాలేదు. పాత ఫైలు అవసరమైతే ఆఫీసరు గారు "వంటింట్లో చూడవయ్యా" అనేవారట. అమ్మ ఈ మాట పట్టుకుని చాన్నాళ్ళు నాన్నని ఏడిపించింది. "ఇంట్లో ఒక్కసారైనా వంటింట్లోకి తొంగి చూడరు, అక్కడ మాత్రం రోజూ వెళ్తున్నారన్నమాట" అనేది.

కోట సంగతి చెప్పాలి. ఊళ్ళో ఏ పిల్లాడిని అడిగినా ఐదు విజయాల కథ గడగడా అప్పజెప్పేస్తాడు. విజయరామరాజు గారి పేర, విజయనామ సంవత్సరంలో, విజయదశమి నాడు, జయవారమని పిలిచే మంగళవారం, విజయనగరమనే పేరు పెట్టి 1713లో కోటకి శంకుస్థాపన చేశారని. పన్నెండో క్లాసు పూర్తయ్యాక నేను ఆ కోటలోకి అడ్మిషన్ ఫారం పట్టుకుని వెళ్ళాను.

కోట కాలేజీ ఎలా అయిందో అప్పట్లో మేమెవరం ఆలోచించలేదు. 1948లో మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి జమీందారీలు పోయాయి. జమీ పోయాక అన్నేసి గదులున్న కోటకి చెయ్యడానికి పని లేదు. విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు గారు 1958లో తండ్రి అలక్ నారాయణ గజపతి గారి పేరు మీద మాన్సాస్ సంస్థ పెట్టి, కోటని చదువులకి ఇచ్చేశారు. చాలా చోట్ల పాత కోటలు హోటళ్ళయ్యాయి, లేదంటే గబ్బిలాల పాలయ్యాయి. మా కోటలో మాత్రం పొద్దున్న పది కొట్టేసరికి నగారాఖానా గుమ్మంలోంచి సైకిళ్ళు బిలబిలమంటూ లోపలికి వచ్చేవి. అంత బందోబస్తు గుమ్మం దగ్గర మమ్మల్ని ఆపేది ఒక్క వాచ్‌మన్ తాతే. అది కూడా ఐడెంటిటీ కార్డు గురించి కాదు, సైకిలుకి తాళం వేశామా లేదా అని.

మోతీమహల్ అందులో అందమైన భాగం. మూడో విజయరామరాజు గారు 1869లో దర్బారు కోసం కట్టించిన హాలు అది. గుమ్మం దగ్గర రెండు పాలరాతి బొమ్మలుండేవి. మా ఆడపిల్లల కాలేజీ ఆధీనంలోనే ఉండేది కాబట్టి, రెండు సెక్షన్లు కలిపి క్లాసు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ పెద్ద హాల్లో కూర్చోబెట్టేవారు. పైకప్పు ఎక్కడో ఉండేది. ఎకనామిక్స్ మేడం గొంతు పైకి వెళ్ళి, గోడలకి తగిలి, ఇంకోసారి కిందికి దిగేది. నోట్సు రాసుకునేవాళ్ళకి భలే సుఖం. మొదటిసారి వినపడని మాట రెండోసారి దొరికేది. అటెండెన్సు పిలిచేటప్పుడు మాత్రం తిప్పలొచ్చేవి. "ప్రెజెంట్ మేడం" అని ఒకమ్మాయి అంటే ఇద్దరు అన్నట్టు వినిపించేది. మేడం కళ్ళజోడు పైకెత్తి ప్రాక్సీ ఎవరు చెప్పారా అని వెతికేవారు. మేం చెప్పిన ప్రాక్సీలన్నీ ఆ హాలు ఖాతాలో వేసేశాం.

కిటికీ గూళ్ళు ఎంత లోతుండేవంటే ఒక్కో దాంట్లో ఇద్దరు కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాళ్ళం. చల్లటి సున్నపు గోడకి వీపు ఆనించి, ఒళ్ళో పొట్లం పెట్టుకుని వేరుశనక్కాయలు ఒలుచుకునేవాళ్ళం. అటెండరు మామ్మ చీపురు పట్టుకుని వచ్చి నిలబడేది. "ఓలమ్మా, రాజులు కూకున్న కాడ కూకుని తొక్కలు పోత్తన్నారేటి? ఎవులు తుడుత్తారనుకుంతన్నారు?" అని గదిమేది. తరవాత తనే ఒక గుప్పెడు కాయలు తీసుకుని కొంగున కట్టుకుని వెళ్ళేది.

కోట తన పాత పని చేసేది ఏడాదికి ఒక్కరోజు. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. సిరిమాను, అంటే కొనకి పూజారిని కూర్చోబెట్టిన పొడుగాటి మాను, గుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. రాజవంశం వాళ్ళు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు. మిగతా రోజుల్లో మా హాస్టలు పిల్లలు ఆ చుట్టుపక్కల గోడల మీద దుప్పట్లు ఆరేసుకునేవారు. ఆ ఒక్కరోజు మాత్రం ఎవరి దుప్పటీ కనపడేది కాదు.

మోతీమహల్ ఇప్పుడు లేదు. కారణాల మీద చాలా వాదనలు జరిగాయి, ఆ గొడవ నాకొద్దు. నన్ను బాధపెట్టేది ఇంకో సంగతి. మూడేళ్ళు అక్కడ తిరిగిన మా బ్యాచ్‌లో ఎవరి దగ్గరా ఆ హాలు లోపలి ఫొటో లేదు. గ్రూప్ ఫొటోలన్నీ బయట చెట్టు కింద తీయించారు. ఫొటోగ్రాఫరు "లోపల లైటు చాలదమ్మా" అన్నాడు. ఎవరి ట్రంకు పెట్టెలోనైనా ఉంటే, వెలిసిపోయిందైనా సరే, దయచేసి పంపండి. మెట్లు కుడివైపా ఎడమవైపా అని మా స్నేహితురాళ్ళ మధ్య ఇప్పటికీ తెగని పేచీ ఉంది.

పేరు మార్చుకున్నా పని మార్చుకోనిది మా ఊళ్ళో సంగీత కళాశాల. 1919 ఫిబ్రవరి 5న మొదలైంది. అప్పుడు దాని పేరు విజయరామ గాన పాఠశాల. చాగంటి జోగారావు గారి అబ్బాయి గంగరాజుకి చూపు లేదు, ఆ పిల్లవాడి సంగీతం కోసమే మహారాజు ఈ పాఠశాల పెట్టించారని పెద్దవాళ్ళు చెప్పేవారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు గారు. 1936లో ఆయన తరవాత వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ కుర్చీలోకి వచ్చారు. ఘంటసాల ఇక్కడే చదువుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యుడు. చేతిలో డబ్బుల్లేక జోలె కట్టుకుని ఇంటింటికీ వెళ్ళి మధూకరం తెచ్చుకు తిన్నారు. మా వీధిలో ఒక మామ్మగారు "మా అత్తగారు ఆ జోలెలో అన్నం వేసింది" అని చెప్పుకునేవారు. ఇలా చెప్పుకునే ఇళ్ళు ఊళ్ళో చాలా ఉన్నాయి. అవన్నీ నిజమైతే ఆయనకి ఆకలన్న మాటే ఉండేది కాదని నాన్న నవ్వేవారు. సుశీల గారు మా ఊరి ఆడపిల్లే, ఆవిడా ఇక్కడే నేర్చుకున్నారు.

అక్క వయొలిన్ సర్టిఫికెట్ కోర్సులో చేరింది. ఒక్కర్తినీ పంపడం నాన్నకి ఇష్టం లేదు గనక తోడు నేను. వరండాలో స్తంభానికి ఆనుకుని లెక్కలు చేసుకునేదాన్ని. ఒక గదిలో గాత్రం వాళ్ళు సరళీ వరసలు పాడుతుంటే, పక్క గదిలో వీణ మీద ఇంకేదో శ్రుతిలో వర్ణం నడిచేది. ఆ చివర గదిలో నాదస్వరం, డోలు. మృదంగం మాస్టారు పిల్లల చేత తొడ మీద తాళం వేయిస్తూ "తకధిమి, తకధిమి" అనిపించేవారు. ఇవన్నీ ఒకేసారి చెవిలో పడుతుంటే త్రికోణమితి ఎలా ఎక్కుతుంది? మొదట్లో విసుగు పుట్టేది. పోనుపోను ఏ గదిలో తప్పు పలికిందో పుస్తకంలోంచి తల ఎత్తకుండానే తెలిసిపోయేది. అక్క కమాను తీగల మీద గీరితే రోజనం పొడి సన్నగా రాలి వయొలిన్ మీద తెల్లగా పేరుకునేది. గురువుగారు పాత మెత్తటి పంచె ముక్క ఒకటి ఉంచుకునేవారు. పాఠం అవ్వగానే ఎంత బాగా వాయించినా, ఎంత చెండాలంగా వాయించినా, ముందు ఆ ముక్కతో వాయిద్యం తుడవాలి, ఆ తరవాతే చెప్పులు వేసుకోవాలి. అక్కకి పెళ్ళయ్యాక వయొలిన్ అటకెక్కింది గాని, తుడిచే అలవాటు పోలేదు. ఇప్పుడు ఫ్రిజ్జుని, మిక్సీని అలాగే తుడుస్తుంది.

2019లో ఆ కళాశాలకి నూరేళ్ళు నిండాయి. నూరేళ్ళూ ఒకే పని.

నాటకాల సంగతి వేరే కథ. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది మా ఊళ్ళోనే, 1892 ఆగస్టులో. ఆడినవాళ్ళు జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు. గురజాడ అప్పారావు గారు ఉన్న ఇల్లు ఇప్పుడు స్మారకంగా ఉంది. ఆయన్ని ఆదరించిన ఆనంద గజపతి గారి పేరు ఊళ్ళో ఒక ఆడిటోరియానికి పెట్టారు. చిన్నప్పుడు నాన్న నన్ను నాటకాలకి తీసుకెళ్ళేవారు. నాటకం మొదలయ్యేసరికి రాత్రి పది దాటేది. ముందు వక్తలు, సన్మానాలు, పూలదండలు, మైకు కుయ్యిమనడం. పద్యం ఎత్తుకున్నప్పుడు వెనక వరసల్లోంచి "వన్స్ మోర్" అంటే నటుడు చచ్చిపడిన పాత్రలో ఉన్నా లేచి మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయేవాడు. నాకు ఇది చాలా న్యాయంగా తోచేది. మొన్నామధ్య ఆ ఆడిటోరియానికి వెళ్తే లోపల ఏదో ప్రభుత్వ శాఖ అవగాహన సదస్సు నడుస్తోంది. వేదిక మీద ఫ్లెక్సీ, ఫ్లెక్సీ ముందు ఇరవై కుర్చీలు, కింద భోజనం కూపన్ల కోసం క్యూ. నాటకాలు ఆడేవాళ్ళు తగ్గిపోతే హాలు మాత్రం ఏం చేస్తుంది? మీటింగులే లేకపోతే ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారో కూడా తెలీదు. కాకపోతే వక్తలు మాత్రం తగ్గలేదు, నాటకం ఒక్కటే తగ్గింది.

గంటస్తంభం గురించి ఎవరైనా రాస్తారు. 1885లో కట్టింది, ఎనిమిది మూలలు, 68 అడుగుల ఎత్తు. లండన్ గడియారాన్ని చూసి కట్టారంటారు. మాకది టైము చూసుకునే చోటు కాదు, కలుసుకునే చోటు. "గంటస్తంభం దగ్గర ఉంటాను" అంటే ఏ వైపో చెప్పక్కర్లేదు, తిరుగుతూ ఉంటే దొరికేస్తారు. మూడు లాంతర్ల స్తంభం ఇంకో గుర్తు. ఆ రాతి స్తంభాన్ని 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, జంక్షన్ అందంగా చేస్తామని పడగొట్టారు. ఊరంతా ఇంట్లో కూర్చుని ఉన్నప్పుడు ఆ వీడియో ఫోన్లలో తిరిగింది. ఫూల్‌బాగ్ దగ్గర ఔద్‌ఖానా అని ఇంకోటుంది. రాజుల స్నానాల కోసం కట్టిన రాతి కట్టడం, 50 అడుగుల ఎత్తు, లోపల మెలికల మెట్లు, పైన నీళ్ళ తొట్టి. పాపం దానికి మాత్రం ఎవరూ కొత్త పని చూపించలేకపోయారు.

మేం డిగ్రీలో ఉండగా మార్నింగ్ షోలకి ఎగ్గొట్టి వెళ్ళిన ఒక సినిమా హాలు ఉండేది. పేరు చెప్పను, ఎందుకంటే ఇప్పుడది కల్యాణ మండపం, వాళ్ళ వ్యాపారం వాళ్ళది. వీడియోలు వచ్చి, కేబుల్ వచ్చి, హాలు మూతపడి కొన్నేళ్ళు తాళం వేసి ఉంది. తరవాత కుర్చీలు పీకేసి, రంగులు వేసి మండపం చేశారు. మా పిన్ని కూతురి పెళ్ళి అక్కడే. తెర ఉన్న చోట పీటలు వేశారు. బాల్కనీలో వియ్యాలవారి విడిది. ప్రొజెక్టరు గదిలో పెళ్ళికూతుర్ని ముస్తాబు చేశారు. గోడకి ఆ చదరపు కన్నాలు అలాగే ఉన్నాయి. మేం వాటిలోంచి కింద పెళ్ళికొడుకు తరఫువాళ్ళని ఒక్కొక్కళ్ళనీ చూసి కామెంట్లు చేసుకున్నాం. అన్నీ బాగానే మార్చారు గాని నేల ఏటవాలు సరిచెయ్యలేదు. సినిమా చూస్తున్నప్పుడు ఆ వాలు తెలిసేది కాదు. భోజనాల బల్లలు వేసి ఆకులు పరిచాక తెలిసింది. వెనకాల కూర్చున్న వాళ్ళకి వడ్డించిన చారు మెల్లగా ముందుకి ప్రయాణం కట్టింది. మా బాబాయి అన్నంతో కట్టలు కట్టాడు. వడ్డించే కుర్రాడు ఆరితేరినవాడు, "ఇక్కడ ముందు గట్టు కట్టుకోవాలి సార్, తరవాతే చారు" అన్నాడు. అదే చోట ఒకప్పుడు నేల టికెట్ వాళ్ళు తాగి పారేసిన సోడా సీసాలు దొర్లుకుంటూ తెర దాకా వెళ్ళేవి. హీరో డైలాగు చెప్తుంటే కింద నుంచి గలగలమని చప్పుడు.

నాన్న రిటైరయ్యాక అమ్మానాన్న శ్రీకాకుళం తిరిగి వెళ్ళిపోయారు. అక్కడ నాన్నకి ఇష్టమైన కట్టడం ఒక్కటే, కథానిలయం. 1997 ఫిబ్రవరి 22న కాళీపట్నం రామారావు గారు మొదలుపెట్టారు. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి, కథలకి వచ్చిన అవార్డుల డబ్బులు తెచ్చి అందులో పోశారు. తెలుగులో వచ్చిన కథలన్నీ ఒకచోట దొరకాలని ఆయన పట్టుదల. రాజులు కట్టిన వాటికి ఎన్ని పనులో మార్చుకోవాల్సి వచ్చింది, ఈ చిన్న మేడకి మాత్రం మొదటి రోజు నుంచీ ఒకే పని. బీరువాల నిండా కథల పుస్తకాలు, పాత పత్రికలు. పీహెచ్‌డీ పిల్లలు సంచులు తగిలించుకుని వచ్చి జిరాక్సులకి చీటీలు పెట్టుకుంటారు.

నాన్న ఒక రహస్యం దాచారు. పెళ్ళికి ముందు, ఇరవయ్యేళ్ళ వయసులో, ఒక వారపత్రికకి కథ రాశారు. అచ్చయింది. తన కాపీ ఎవరో చదువుతానని పట్టుకెళ్ళి ఇవ్వలేదు. ఆ తరవాత ఇంకో కథ రాయలేదు. ఒక సెలవులకి నేను వెళ్ళినప్పుడు "అమ్మడూ, కథానిలయం దాకా వెళ్ళొద్దాం రా" అన్నారు. అక్కడ రచయిత పేరు, ఇంచుమించు సంవత్సరం చెప్తే, కాసేపటికి సంచిక తీసి బల్ల మీద పెట్టారు. కాగితం బిస్కెట్ రంగులోకి మారి, అంచులు పెళుసుగా ఉన్నాయి. నాన్న కళ్ళజోడు తుడుచుకుని, వేలు కాగితానికి తగలకుండా గాల్లో ఉంచి, వరస వరసా చదువుకున్నారు. నేను కథ ఎలా ఉందో అడుగుదామని ఎదురుచూశాను.

"అచ్చుతప్పులు రెండూ అలాగే ఉన్నాయి" అన్నారు.

జిరాక్స్ తీయించుకున్నాం. ఇంటికెళ్ళాక అమ్మ చదివి, హీరోయిన్ పేరు ఎవరిదని అడిగింది. నాన్న సమాధానం చెప్పలేదు. మర్నాడు అటక మీద పెళ్ళైన దగ్గర నుంచి దాచుకున్న వారపత్రికల కట్టలన్నీ దింపించి, వాళ్ళ దగ్గర లేని సంచికలు ఏవో కనుక్కుని, ఏరి, గోనె సంచుల్లో కథానిలయానికి పంపించారు. అటక ఖాళీ అయినందుకు అమ్మ సంతోషానికి హద్దు లేదు. సాయంత్రానికల్లా ఆవకాయ జాడీలు అక్కడికి ఎక్కించేసింది.